వినపడని టైరు

మా గింబాంగ్ మావయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. టైర్లు ఎంచడం. కొనడం కాదు, ఎంచడం. ఊళ్లో వాళ్లంతా కొని, తిరిగి, అరగదీసి, పారేసి, మళ్లీ కొన్నారు. మావయ్య మాత్రం ఇంకా ఎంచుతూనే ఉన్నాడు.

నిజానికి మా కొండ ఊళ్లో ఈ బాధ అందరిదీ. కిందికి వెళ్లే దారి సగం ఎర్రమట్టి, మిగతా సగం రనావ్ పట్నం దాకా నున్నటి తారు. మట్టికి పనికొచ్చే టైరు తడి తారు మీద జారుతుంది, పైగా దారి పొడుగునా రంకెలేస్తుంది. తారుకి పనికొచ్చే టైరు మట్టిలో దిగగానే గాడుల నిండా బురద మెత్తుకుని, గుండు కొట్టించుకున్నట్టయి, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఎవరికి తోచింది వాళ్లు తగిలించుకుని, సగం దారి నవ్వుతూ సగం దారి ఏడుస్తూ బతికేస్తున్నారు. మావయ్యకి అలా కుదరదు. మట్టిలో లాగాలి, తారు మీద ఆగాలి.

నేను సముద్రానికి అవతలి మలయ్ ద్వీపకల్పం నుంచి ఇక్కడి బడికి మాస్టారుగా వచ్చిన తెలుగువాణ్ణి. వచ్చి ఈ ఊరి దుసున్ తెగ పిల్ల ఫ్లోవియాని చేసుకున్నాను. ఆమె మేనమామ గింబాంగ్. సంబంధం మాట్లాడటానికి అరువు బండిలో వెళ్లిన రోజున ఇంటిల్లిపాదీ నన్ను చూస్తుంటే, మావయ్య బండి కింద దూరి టైర్లలో బొటనవేలి గోరు గుచ్చి చూస్తున్నాడు. "అబ్బాయి ఎలా ఉన్నాడు?" అని ఆయన భార్య మోనీ అత్తయ్య అడిగితే, "మెత్తన. వానలో పట్టు బాగుంటుంది. కానీ తొందరగా అరుగుతాడు" అన్నాడట. అయినా పిల్లనిచ్చారు.

గోరు గుచ్చడం మొదటి పరీక్ష. పక్క గోడ మీద మెటికలతో కొట్టి చూడటం రెండోది. మూడోదే ఊరందరికీ వినోదం. ఎవరు కొత్త టైర్లు వేయించినా మావయ్య వెళ్లి వెనక సీటెక్కుతాడు. కూర్చోడు. కాళ్లు ముడుచుకుని పడుకుంటాడు. బండి తారెక్కి కాస్త వేగం అందుకున్నాక సన్నగా మూలుగుతాడు.

"వినపడిందా?"

"ఏంటి మావయ్యా?" అంటాడు పొరుగింటి లాజిమ్, స్టీరింగు పట్టుకుని.

"నా మూలుగు."

"లేదే! కడుపునొప్పా?"

"ఈ టైరు వద్దు. ఆపు, దిగుతా."

దిగి, అంత దూరమూ నడిచే ఇంటికి వచ్చేవాడు.

ఓ ఆదివారం మా ఊరి చర్చికి వస్తున్న ఫాదర్ గారి బండిలోనూ పడుకుని మూలిగాడు. ఆయన హడలిపోయి, బండి పక్కకి తీసి, తైలం సీసా తెరిచి ఆఖరి ప్రార్థన మొదలెట్టాడు. మావయ్య చివాల్న లేచి కూర్చుని, "వినపడిందా ఫాదర్? ఏం టైరండీ ఇది!" అని ఆయన చేతులు పట్టుకున్నాడు. తీరా ఆ టైరు మట్టిదారి మొదట్లోనే దిగబడింది. ఆ వారం పూజకి మేమే కొండ దిగి వెళ్లాం.

రనావ్‌లో టైర్ల కొట్టు యజమాని యాప్. షావుకారు కాబట్టి అందరూ తౌకే అంటారు. మావయ్య టోపీ కనిపిస్తే చాలు, టైర్ల దొంతర వెనక దాక్కునేవాడు. ఓసారి నా ఎదురుగానే దొరికిపోయాడు.

"అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలా గింబాంగ్? మట్టిదో సెట్టు, తారుదో సెట్టు కొనుక్కో. తారు రాగానే మార్చుకో."

"వానలో నువ్వొచ్చి మారుస్తావా?"

"నేనెందుకొస్తాను?"

"రానప్పుడు సలహా ఎందుకివ్వడం?"

ఇంతకీ మావయ్య బండికి ఉన్నవి నాలుగు చోట్ల అడిగి తెచ్చిన నాలుగు రకాల పాత టైర్లు. అందులో క్యాబేజీలు ఎక్కుతాయి, పందులు ఎక్కుతాయి, మనిషి మాత్రం ఎక్కకూడదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి దింపమంటే, "టైర్లు లేవు, లాజిమ్‌ని అడుగు" అంటాడు. పెట్రోలు దగ్గర పిసినారితనమని ఊరు అనుకుంది. ఊరితో పాటు నేనూ అనుకున్నాను.

మలయ్ భాషలో టైరుని తాయార్ అంటారు. మా తెలుగులో తయార్ అంటే సిద్ధం అని మావయ్యకి ఓసారి చెప్పాను. బియ్యపు కల్లు తపాయ్ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "మీవాళ్లు నా బండిని చూసి ఉండరు అల్లుడూ" అన్నాడు. అప్పట్నుంచీ ఎక్కడ కనిపించినా, "మావయ్యా, తాయార్ తయారా?" అని నేనూ, "ఇంకా లేదు" అని ఆయనా. నా క్లాసులో ఓ పిల్లని కూడా అందరూ తాయార్ అనే పిలుస్తారు. బొద్దుగా ఉంటుందని అలా అంటున్నారేమో అనుకుని, మాస్టారు అడిగితే బాగోదని ఊరుకున్నాను.

ఇలా ఉండగా ఫ్లోవియాకి నెలలు నిండాయి. సరిగ్గా అప్పుడే వానలు పట్టుకున్నాయి. ఆ బురదలో మా ఊరికి అంబులెన్సు ఎక్కి రాలేదు. మావయ్య రోజూ ఎవరి బండో ఎక్కి పట్నం వెళ్లి వస్తున్నాడు.

"పిల్లకి నెలలు నిండాయి, నీ టైర్లకి ఎప్పుడు నిండుతాయి?" అంది మోనీ అత్తయ్య.

"తొందరపెడితే అయ్యేవి కావే రెండూ" అన్నాడు మావయ్య.

మరుసటి వారం కిందికి దిగి చుట్టాలింట్లో ఉందామనుకున్నాం. లాజిమ్ బండి మాట్లాడి పెట్టాను కూడా. నొప్పులు మా ఏర్పాట్లేవీ వినిపించుకోలేదు. ఓ పొద్దున్న జోరున వాన కురుస్తుండగా మొదలయ్యాయి. పరుగెత్తుకెళ్లి చూస్తే లాజిమ్ అప్పటికే క్యాబేజీలు వేసుకుని పట్నం పోయాడు. ఫ్లోవియా గడప పట్టుకుని నిలబడింది. వానలో ఎవర్ని పిలవాలో తెలియక ఊరి వైపు తిరిగి ఊరికే అరిచాను.

వీధి మలుపులో హారన్ మోగింది.

"తయార్!" అని కేక.

మావయ్య బండి. నాలుగు చక్రాలకీ నాలుగు కొత్త టైర్లు, అన్నీ ఒకే రకానివి! పైనున్న రబ్బరు గడ్డలు పెద్దవే గానీ, మట్టి టైరు గడ్డల్లా ఎడం ఎడంగా లేవు. ఒక్కో గడ్డ మీదా చాకుతో గీసినట్టు సన్నటి గీతలున్నాయి. ముందురోజు సాయంత్రమే వేయించాడట. పీడ వదిలిందన్న సంతోషంలో తౌకే కాఫీ కూడా ఇప్పించాడట.

అత్తయ్య ముందు కూర్చుంది. వెనక సీట్లో ఫ్లోవియా తల నా ఒళ్లో పెట్టుకుని పడుకుంది. మట్టిదారిలో బండి ఒరిగింది, ఊగింది, ఓచోట వెనక్కి జారింది కూడా. కానీ ఎక్కడా దిగబడలేదు. టైర్లు బురదని తిన్నది తిన్నట్టు బయటికి ఉమ్మేస్తున్నాయి. తారు కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మావయ్య బండి ఆపేసి, చిన్న పంపు తీసుకుని వానలోకి దిగాడు.

"ఇప్పుడా మావయ్యా!"

"బురద కోసమని గాలి తీశాను. ఇలాగే తారెక్కితే మలుపులో బండి ఒరుగుతుంది. అమ్మాయి తల పట్టుకో, నీ నోరు కూడా పట్టుకో."

తారెక్కాం. కొండ మలుపు తిరగ్గానే ఎదురుగా క్యాబేజీ లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది. మావయ్య బ్రేకు తొక్కాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బండి తాడు పట్టి లాగినట్టు తిన్నగా ఆగి ఉంది. ఒక క్యాబేజీ దొర్లుకుంటూ వచ్చి మా ముందు టైరుకి తగిలింది. మావయ్య లారీ పక్క నుంచి నెమ్మదిగా పోనిచ్చాడు. పక్కనే అంత పెద్ద లారీ ఉన్నా దాని టైర్ల వైపు చూడకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

కొంత దూరం పోయాక బండి మెల్లగా పక్కకి ఆగింది.

"ఏమైంది మావయ్యా?"

"అమ్మాయి ఆపమంది కదా."

"ఎప్పుడు? నేను పక్కనే ఉన్నాను, నాకేం వినపడలేదే!"

ఫ్లోవియా చెమటలు కారుతున్న మొహంతోనే నవ్వింది. "అన్నానా? మనసులో అనుకున్నాననుకున్నాను."

నొప్పి తగ్గేదాకా ఆగాం. మావయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ అన్నాడు, "వినపడాలనేగా ఇన్నేళ్లు వెతికాను."

అలా ఆగి ఉన్నప్పుడే అత్తయ్య చెప్పింది. నేను ఈ ఊరు రాకముందు ఓ నిండు గర్భిణిని మావయ్యే దింపాడు. అప్పట్లో ఆయన బండికి ఊళ్లోకెల్లా మొనగాళ్లలాంటి మట్టి టైర్లు. తారు మీద వాటి రంకెలకి చెవులు గింగిర్లెత్తుతున్నాయి. వెనక ఆవిడ ఆపమని మొత్తుకుంటుంటే, రేడియోతో కలిసి పాడుతోందనుకుని ఈయన రేడియో పెంచాడు! ఆసుపత్రి ముందు ఆపి వెనక్కి తిరిగితే ఒక్కరు ఉండాల్సిన చోట ఇద్దరున్నారు, బిడ్డ బండిలోనే పుట్టేసింది.

"ఆ పిల్లే మీ క్లాసులో తాయార్" అంది అత్తయ్య.

"దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. ఊరంతా నవ్వింది, ఆ తల్లీ నవ్వింది" అన్నాడు మావయ్య. "కానీ ఆవిడ పిలిచింది అల్లుడూ. నాకు వినపడలేదు. అందుకే, ఈసారి మనిషిని ఎక్కించుకుంటే వినపడే టైరుతోనే అనుకున్నాను. పద, నొప్పి తగ్గినట్టుంది."

మేం ఆయన్ని పిసినారి అనుకున్నాం. నాకు సిగ్గేసింది. సిగ్గుపడటానికి తీరిక లేక ఫ్లోవియా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆసుపత్రిలో నర్సులు ఫ్లోవియాని లోపలికి తీసుకెళ్లారు. నేను వరండాలో అటూ ఇటూ తిరిగాను. వాన వెలిసింది. కాసేపటికి నర్సు వచ్చి, ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం అంది. బిడ్డని చూసి, ఫ్లోవియా నుదుటి మీద చెయ్యి వేసి, ముందుగా మావయ్యకి చెప్పాలని బయటికి పరుగెత్తాను.

ప్రసూతి గది కిటికీ ఎదురుగానే బండి పెట్టుకున్నాడు. అద్దాలన్నీ దించి, వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. కిటికీలోంచి మా అమ్మాయి ఏడుపు తెరలు తెరలుగా వస్తోంది.

"మావయ్యా, వినపడిందా?"

మావయ్య లేచి కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. మరి కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"ఈ గొంతేంటి అల్లుడూ! ఈ పిల్లకి ఏ టైరైనా ఫర్వాలేదు."