ఉత్తుత్తి పిలుపు

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. నేను రావడం లేదని బడి బెంగపడ్డ దాఖలాలేమీ లేవు. నోరు మాత్రం అప్పటికే డిగ్రీ పాసయింది. ఆ నోటితోనూ, దోసెలు పోసే ఈ రెండు చేతులతోనూ అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ప్లేనోలో ఒక వెజిటేరియన్ హోటల్ వంటింటి దాకా వచ్చి పడ్డాను. రెండువేల ఎనిమిది ప్రాంతం సంగతి ఇది.

చుట్టుపక్కల యూదుల కుటుంబాలు ఉన్నాయని, వాళ్ళ నియమాల ప్రకారం వండితే వాళ్ళూ వస్తారని మా ఓనర్‌కి తోచింది. అలా వండినదాన్ని కోషర్ అంటారు. మేం సరిగా వండుతున్నామో లేదో చూడ్డానికి రోజూ పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చేవాడు. తెల్లగడ్డం, నల్లటోపీ, చేతిలో చిన్న టార్చిలైటు. పొయ్యి ఆయనే వెలిగించాలి. కొత్తిమీర, కరివేపాకు, కాలీఫ్లవర్ ఆయన లైటు వేసి చూశాకే గిన్నెలోకి వెళ్ళాలి. పొరపాటున పురుగు కడుపులోకి పోతే వాళ్ళకి తప్పు. "మా ఊళ్ళో ముందు పురుగు తిని బాగుందంటేనే మేం తింటాం అంకుల్" అన్నాను మొదటిరోజే. నాది అతుకుల ఇంగ్లీషు. అయినా జోకు చేరినట్టుంది, గడ్డం కదిలింది.

ఆయన పని ముగించుకుని బయల్దేరేటప్పుడల్లా నేను ఒకటే మాట అనేవాణ్ణి. "ఒకసారి మా రూమ్‌కి భోజనానికి రండి అంకుల్." మనవాళ్ళం అనేస్తాం కదా, గుమ్మం దాటే మనిషిని ఆ మాట అనకుండా పంపితే ఏదో వెలితి. మా గిన్నెలు, మా పొయ్యి ఆయనకు పనికిరావని, ఆయన రాడని నాకు తెలుసు.

ఐదోసారో ఆరోసారో ఆయన తలుపు దగ్గర ఆగాడు.

"నేను రానని నీకు తెలుసు కదా?"

"తెలుసు అంకుల్."

"మరి ఎందుకు పిలుస్తావు?"

"మర్యాద."

"తినడని తెలిసీ ఒక మనిషిని భోజనానికి బలవంతపెడితే మా పెద్దలు దాన్ని దొంగతనం కింద జమకడతారు. నువ్వు నాకేమీ పెట్టలేదు. పెట్టినవాడికి దక్కే మంచిపేరు మాత్రం నా దగ్గర్నుంచి పట్టుకుపోతున్నావు. నోట్లో ఒకటి, గుండెలో ఇంకొకటి ఉండకూడదు."

"ఆ లెక్కన మా జిల్లా మొత్తం జైల్లో ఉండాలి" అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. నేనూ మర్చిపోయాను.

మా వంటింట్లో సాంబారు చేసే అన్న ఒకాయన ఉండేవాడు. తెనాలి వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే రూమ్‌లో ఉండేవాళ్ళం. ఆయనకి డ్రైవింగ్ రాదు కాబట్టి నా కార్‌లోనే రావాలి, నా కార్‌లోనే పోవాలి. పొద్దున పదింటికి, హోటల్ తెరవకముందు, ఇంటికి ఫోన్ చేసి కూతురితో మాట్లాడేవాడు. ఆ అమ్మాయి అక్కడ బీటెక్ చదువుతోంది. అమెరికాలో మేనేజర్‌గా ఉన్నానని ఆమెకి చెప్పుకున్నాడు. అది మా అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకునేవాళ్ళం కాదు.

ఒకరోజు ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉల్లిపాయలు కోస్తున్నాడు. "నాన్నా, నీ కింద ఎంతమంది పనిచేస్తారు?" అని అడిగిందా పిల్ల. అంత చక్కటి బంతి వేస్తే నా నోరు ఊరుకుంటుందా?

"మీ నాన్న కింద రెండు సాంబారు గిన్నెలు, ఒక ఉల్లిపాయల బస్తా ఉన్నాయమ్మా. మేమందరం ఆయన మీద ఉన్నాం" అన్నాను.

వంటిల్లంతా ఘొల్లుమంది. ఫోన్‌లో నవ్వు వినిపించి, ఆగిపోయింది. "నిజమా నాన్నా?" అంది. అన్న ఫోన్ కట్ చేశాడు.

ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. అది సరే, నాతో మాట్లాడకపోతే చాలామందికి ఆరోగ్యం. పదింటికి చేసే ఫోన్ కూడా మానేశాడు. ఆ టైమ్‌కి పాలకూర ముందు పెట్టుకుని కూర్చునేవాడు. కార్‌లో పక్కనే కూర్చుని కిటికీ వైపు చూసేవాడు. నెలాఖరికి రూమ్ ఖాళీ చేస్తున్నాడని ఓనర్ ద్వారా తెలిసింది. ఆ దేశంలో నాకు జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చిన మనిషి ఆయనొక్కడే.

సారీలు చెప్పాను, చెప్పలేదనడానికి లేదు. "సారీ అన్నా, నోరు జారింది." "సారీ మేనేజర్ గారూ, ఈ ఒక్కసారికి మెమో ఇచ్చి వదిలేయండి." "తెలియక అన్నానన్నా." ఏడెనిమిది అయ్యాయి. ఒక్కటీ అంటుకోలేదు.

అప్పుడే ఆ పెద్దాయన వాళ్ళ ఉపవాసం రోజు దగ్గరపడింది. ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టకుండా దేవుణ్ణి క్షమాపణ అడుగుతారట. కానీ సాటి మనిషికి చేసిన తప్పుని దేవుడు మాఫీ చేయడట, ముందు ఆ మనిషి దగ్గరికే పోవాలట. ఆయన పెనం దగ్గరికి వచ్చి, టోపీ సర్దుకుని, నా ఎదురుగా నిలబడ్డాడు.

"వేసవిలో ఒకరోజు కోసిపెట్టిన కాలీఫ్లవర్‌లో పురుగు దొరికింది. నువ్వు చూసి కూడా దాచావనుకున్నాను. రెండు వారాలు నిన్ను అబద్ధాలకోరుగా చూశాను. తర్వాత తెలిసింది, ఆ రోజు నువ్వసలు పనిలోకే రాలేదని. నీకు చెప్పకుండా ఊరుకున్నాను. నన్ను క్షమించు."

"ఆ పురుగుని కూడా అడిగారా అంకుల్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. కదల్లేదు.

"ఓకే ఓకే, నో ప్రాబ్లెమ్" అన్నాను.

"అది అలవాటు మాట. కోపం ఉంటే ఉందని చెప్పు. మళ్ళీ వచ్చి అడుగుతాను. మూడుసార్లు అడగాలని మాకు నియమం."

పెనం మీద దోసె మాడుతోంది. ఆ రెండు వారాలు నేను కడిగిన ఆకుల్ని ఆయన మళ్ళీ కడగడం నేను చూశాను. చూసి, దాని మీద కూడా ఒక జోకు వేసుకున్నాను.

"బాధేసింది అంకుల్. అడిగితే చిన్నబోతానని అడగలేదు. ఇప్పుడు లేదు" అన్నాను. అమెరికాలో నేను ఇంగ్లీషులో చెప్పిన మొదటి నిజం అదేననుకుంటా.

ఆయన సాంబారు పొయ్యి వైపు చూశాడు. అన్నా నేనూ మాట్లాడుకోవడం లేదని వంటింట్లో గిన్నెలకి కూడా తెలుసు. "ఆయనకి చెప్పావా?" అని అడిగాడు.

"ఎనిమిదిసార్లు."

"భోజనానికి పిలిచినట్టు చెప్పావా?"

మాడిన దోసె తీసి పారేశాను.

మర్నాడు పొద్దున హోటల్ ముందు కారు ఆపాక ఇంజన్ ఆఫ్ చేసి, డోర్ లాక్ తీయకుండా కూర్చున్నాను.

"అన్నా, ఆ రోజు నేను తెలియక అనలేదు. పాప ముందు నీ పరువు పోతుందని తెలిసే అన్నాను. అందరూ నవ్వుతారని అన్నాను. నవ్వారు, నాకు బాగా అనిపించింది కూడా. తప్పు నాది."

అన్న కిటికీ వైపే చూస్తూ, "తెలిసే అన్నావా?" అన్నాడు.

"తెలిసే."

"మరి తెలియక, తెలియక అని నా ప్రాణం తీశావేంట్రా? నువ్వు చెప్పిన ప్రతిసారీ ఇంకా మండేది."

"ఇంక చెప్పను."

"ఇప్పుడూ కోపం పోలేదు."

"ఉండనీ అన్నా. రేపు మళ్ళీ అడుగుతా."

"డోర్ తీయరా ముందు."

పదింటికి ఆయన ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టలేదు. అయినా వంటింట్లో మాట ఎక్కడికి పోతుంది?

"అమ్మా... నేను మేనేజర్ని కాదు తల్లీ. సాంబారు చేస్తాను." కాసేపు విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు అప్పటికింకా ఒక్క ఉల్లిపాయ కూడా కోయలేదు. "లేదమ్మా, బాగానే చేస్తాను. అమెరికావాళ్ళు కూడా రెండోసారి పోయించుకుంటారు" అన్నాడు.

నా నోట్లోకి మాట ఒకటి వచ్చింది. మంచి మాటే. మింగేసి, పిండి కలుపుకున్నాను.

నెలాఖరుకి రూమ్ ఖాళీ కాలేదు. కోపం పోయిందని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను ఇంకో రెండుసార్లు అడిగాను. మూడోసారి, "పోయి దోసెలు పోసుకోరా" అన్నాడు.

కోయని పండైతే ఎవరింట్లోనైనా తినొచ్చని పెద్దాయన్ని అడిగి తెలుసుకున్నాను. ఆదివారం బత్తాయిలు కొని, "మా రూమ్‌కి రండి అంకుల్, బత్తాయిలున్నాయి" అన్నాను. వచ్చాడు. తలుపు అన్నే తీశాడు.