గుంట మీద గుంట

భావనారాయణ ఇడ్లీ తినందే ఆఫీసు మెట్లెక్కని గుమాస్తాలు అబిడ్స్‌లో చాలామంది ఉండేవారు. వాళ్లలో నేనొకణ్ణి. తెనాలి నుంచి వచ్చి, నాంపల్లి స్టేషన్ దగ్గర బాలకిషన్ సేటు హోటల్లో వంటమాస్టరుగా కుదిరాడాయన. చేయి మంచిది, నోరే కాస్త పెద్దది. ఆవిరి వాసన పట్టి ఉడికిందో లేదో చెప్పేస్తానని కోతలు కోసేవాడు. దించేముందు మధ్య రేకులో ఇడ్లీని తడివేలితో నొక్కి చూడమంటే నామోషీ.

1964 వేసవిలో ఒక మగపెళ్లివారు పొద్దుటి రైలు దిగుతున్నామని మూడు వందల ఇడ్లీలు చెప్పారు. రేకులు ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు కింది గుంట మీదికి పై రేకులోని ఖాళీ రావాలి. అప్పుడే ఆవిరి అన్నిటికీ సమంగా అందుతుంది, ఇడ్లీ పొంగడానికి చోటూ ఉంటుంది. ఈ సంగతి ఆయనే నాకు వందసార్లు చెప్పాడు. ఆ రోజు చివరి వాయి మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాతో కబుర్లాడుతూ గుంట మీద గుంట పెట్టేశాడు.

పెళ్లికొడుకు మేనమామ ఇడ్లీ తుంచితే లోపల పచ్చిపిండి. అందరి ముందూ సేటుకు తల కొట్టేసినట్టయింది. వంటింట్లోకి వచ్చి ఏమైందని నిలదీశాడు. అప్పటికే భావనారాయణ మిగిలిన రేకులు విడదీశాడు. కింది ఇడ్లీల నెత్తిన పై గుంటల ముద్రలు స్పష్టంగా పడి ఉన్నాయి. తప్పు తనదేనని ఆయనకు తెలిసిపోయింది. అయినా సేటుతో పిండి పలచనైందన్నాడు.

పిండి రుబ్బేది కొండమ్మ. తెల్లారకముందే చాదర్‌ఘాట్ నుంచి నడిచి వచ్చేది. రేపటి నుంచి రావద్దన్నాడు సేటు. ఆమె చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

 వారం రోజులు భావనారాయణ రోటి వైపు చూడాలంటేనే సిగ్గుతో చచ్చిపోయేవాడు. చివరికి సేటు దగ్గర నిజం ఒప్పుకున్నాడు. ఆయన నాలుగు తిట్టి, పోయి కొండమ్మను పిలుచుకురమ్మన్నాడు.

చాదర్‌ఘాట్‌లో ఆమె గుడిసె ముందు నిలబడి, తప్పు తనదేనని, మనసులో పెట్టుకోకుండా పనిలోకి రమ్మని బతిమాలాడు. కొండమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"నాకు ఎరుకే అయ్యా. నువ్వు రేకులు దీసినప్పుడు పక్కనే ఉన్న. గా ముద్రలు నేను గూడ చూసిన. నేను చెప్తే సేటు నమ్మడు. నువ్వు చెప్తవేమోనని నీ మొఖం దిక్కే చూసుకుంట నిలబడ్డ. నువ్వు పొయ్యి దిక్కు మళ్లినవు."

ఆమె మళ్లీ ఆ హోటలు గడప తొక్కలేదు.

ఏడేళ్ల తర్వాత ఇదంతా నాకు చెబుతూ భావనారాయణ తలెత్తలేకపోయాడు. నేనూ ఆయన కళ్లలోకి చూడలేదు. ఆ ముద్రలు గుమ్మంలోంచి నేనూ చూశాను. నేనూ నోరు విప్పలేదు.