ఎదురింటి థాయ్ హోటలు

కర్నూలు సీ క్యాంపు వెనక సందులో, కృష్ణవేణమ్మ మెస్‌కు సరిగ్గా ఎదురుగా థాయ్ హోటలు తెరిచి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆమె దాని గడప తొక్కలేదు. తొక్కకపోయినా అందులో ఏం జరుగుతోందో ఆమెకు తెలియని రోజు లేదు. సంగటి గెలికేటప్పుడు ఒక కన్ను కుండ మీదుంటే ఇంకో కన్ను ఎదురు వాకిలి మీద ఉంటుంది. ఎన్ని బండ్లు ఆగాయి, ఎవరు పెళ్లాంబిడ్డలతో దిగారు, ఎవరు పొట్ట నిమురుకుంటూ బయటికొచ్చారు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

నిజం చెప్పాలంటే ఆమె గిరాకీ ఒక్క విస్తరి కూడా తగ్గలేదు. మధ్యాహ్నం సంగటి తినేవాళ్లు సంగటే తింటున్నారు. థాయ్ హోటలుకు జనం పోయేది సాయంత్రాలు, సెలవులు, పుట్టినరోజులు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా కుళ్లు. కుళ్లుకు ఇలాంటి న్యాయాలు చెబితే వింటుందా?

ఆ హోటలు ఏ ఊరివాళ్లో పెట్టుంటే ఇంత బాధ లేకపోను. పెట్టింది శివజ్యోతి. ఆలూరు దగ్గర పల్లె పిల్ల. వానలు మొహం చాటేసిన ఒక ఏడాది, పంతొమ్మిదేళ్ల వయసులో, ఒక సంచితో ఈ మెస్‌కే పనికి వచ్చింది. ఆరేళ్లు గిన్నెలు తోమింది, ఉల్లిగడ్డలు తరిగింది, కోళ్లు కాల్చింది. తర్వాత బెంగుళూరు పోయి ఒక థాయ్ హోటలు వంటింట్లో చేరింది. అక్కడ వడ్డించే బసవరాజ్‌ను పెళ్లి చేసుకుంది. ఇద్దరూ పైసా పైసా కూడబెట్టుకొని కర్నూలుకొచ్చి, ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు, ఇదే సందులో బోర్డు కట్టారు.

“ఏముండాదప్పా ఆడ, అందరూ అట్ల ఎగబడతాండారు?” అని ఒకరోజు పుల్లయ్యను అడిగింది. పుల్లయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పదేళ్లకు పైగా మధ్యాహ్నం భోజనం ఈ మెస్‌లోనే.

“ఏం చెప్పమంటావమ్మా. కొబ్బరిపాలు పోసి కూర ఒకటి చేస్తాంది, గిన్నె నాకబుద్ధయితాది. ఎంతైనా నీ కాడ నేర్చిన పిల్ల గదా!”

“నా కాడ ఏం నేర్చింది? గిన్నెలు తోమేది నేర్చింది” అంటూ కృష్ణవేణమ్మ సంగటి ముద్ద ఎంత విసురుగా వేసిందంటే, పులుసు చింది పుల్లయ్య చొక్కా మీద పడింది.

ఈ కుళ్లు నాలుగు నెలలది కాదు. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ మెస్‌కు పేరు తెచ్చింది ఊరిబిండి. వేయించిన వేరుశనగ బుడ్డలూ ఎండుమిరపకాయలూ రోట్లో వేసి నూరే పచ్చడి అది. రోటి దగ్గరికి ఆమె ఎవరినీ రానిచ్చేది కాదు. శివజ్యోతి పనిలో చేరిన నాలుగో ఏట, కృష్ణవేణమ్మ జ్వరంతో దుప్పటి కప్పుకొని పడుకున్న రోజున, చేసేది లేక ఆ పిల్లే నూరింది. ఆ పూట జనం మూడోసారి, నాలుగోసారి అడిగి వేయించుకున్నారు. మిగిలింది కాస్త సాయంత్రం కృష్ణవేణమ్మ నాలుక మీద పెట్టుకుంది. బుడ్డలు పిండి కాలేదు, పలుకుగానూ మిగల్లేదు. కారం ముందు దాక్కొని, వెనక నిదానంగా వచ్చింది. పాతికేళ్లుగా నూరుతున్న తన చేతికి ఒక్కరోజైనా అది కుదరలేదు. జ్వరం నోరు అని సర్దిచెప్పుకోబోయింది గానీ మనసు ఒప్పుకోలేదు.

మర్నాడు శివజ్యోతి వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. “ఎట్లుండాదక్కా?”

“నీకింకా చెయ్యి తిరగలేదు. ఇంగ రోటి జోలికి రావాకు.”

ఆ పిల్ల తలూపి గిన్నెల దగ్గరికి పోయింది. మెస్ విడిచిపోయేదాకా పచ్చడి బండ ముట్టలేదు.

చివరికి ఒక సోమవారం, మెస్‌కు సెలవు రోజు, కృష్ణవేణమ్మ ఉతికిన చీర కట్టుకొని రోడ్డు దాటింది. వంక పెట్టడానికే పోతున్నానని తనకు తాను చెప్పుకుంది. శివజ్యోతి ఎదురొచ్చి, “రాక్కా, ఇన్నాళ్లకు దావ తెలిసిందా” అని చెయ్యి పట్టుకొని ఫ్యాను కింద కూర్చోబెట్టింది. వెదురు బుట్టలో జిగురన్నం వచ్చింది. కృష్ణవేణమ్మ దాన్ని అలవాటుగా ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, కొబ్బరిపాల కూర పోసుకుంది. బాగుంది. ఒళ్లు మండింది. నిమ్మకాయ పిండిన చేప వచ్చింది. అదీ బాగుంది. ముద్ద ముద్దకూ ఆమె మొహం చిన్నబోతోంది.

అప్పుడొచ్చింది బొప్పాయి. పచ్చి బొప్పాయి తురుము, బుడ్డలు, మిరపకాయలు కలిపి వాళ్ల రోట్లో దంచిన వంటకం. నోట్లో పెట్టుకోగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. బుడ్డలు పిండి పిండి అయ్యాయి. తురుము నలిగి నీళ్లు కారుతోంది. కారమంతా ఒక మూలనే ఉంది. వంక దొరికింది అనుకుంది. పక్క బల్లల వాళ్లకు వినబడేలా గొంతు పెంచింది.

“ఇదేందే జ్యోతీ, ఇట్ల పాడు చేస్తివి? ఎవరు దంచింది?”

“బసవరాజ్ దంచినాడక్కా.”

“నువ్వేం చేస్తాండావు మరి?”

“నేను రోలు ముట్టను గదా” అంది శివజ్యోతి. తన ఎత్తెంతో చెప్పినంత మామూలుగా అంది. “నాకు చెయ్యి తిరగలేదని నువ్వే చెప్తివి. బెంగుళూర్లో గూడా రోటి కాడికి పొమ్మంటే నాకు రాదని తప్పించుకుంటి. ఇరవై వంటలు నేర్చుకుంటి, ఇదొకటే నేర్చుకోలేదు. అన్నీ బాగుండాయంటారు, దీన్ని మాత్రం సగం ఇడిసిపెట్టి పోతారు.”

కృష్ణవేణమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నోరు మూసుకుంటే చాలు. దీనికి హోటలుంది, మొగుడున్నాడు, జనం ఉన్నారు, ఈ ఒక్కటీ లేకపోతే ఏం పోయింది? అలా అనుకొని నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టేసరికి తన మీదే తనకు అసహ్యం వేసింది. ఆ కోపం కూడా ఆ పిల్ల మీదికే మళ్లింది.

“నేనేదో అంటే నువ్వు నమ్మేదేనా? బుద్ధుండాదా నీకు? ఆ పొద్దు నువ్వు నూరింది నా దానికంటే శానా బాగుండె. నాకు ఓర్వలేక అట్లంటి.”

శివజ్యోతి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఆ పొద్దు తిన్నోళ్లంతా బాగుండాదనే అన్నారక్కా. వాళ్లను నమ్మలేదు. నిన్ను నమ్మినా.”

బొప్పాయి గిన్నె తీసుకొని వెళ్లిపోయింది. రోటి దగ్గర బసవరాజ్‌ను పక్కకు జరగమంది. కాసేపటికి చప్పుడు మొదలైంది. ముందు తడబడింది, ఆగింది, మళ్లీ మొదలై దారిలో పడింది. కృష్ణవేణమ్మ చెవులు రిక్కించి కూర్చుంది. ఆ చెయ్యి ఎక్కడ బరువు వేస్తోందో, ఎక్కడ ఆపుతోందో అన్నీ తెలుస్తున్నాయి. ఇంత జరిగాక కూడా గుండెలో ఆ పాత కుళ్లే చురుక్కుమంది. అయినా ఈసారి చెబుతాను అనుకుంది. బల్ల మీద గిన్నెలు పక్కకు జరిపి చోటు చేసి పెట్టింది.

శివజ్యోతి ప్లేటుతో వచ్చింది. కృష్ణవేణమ్మను దాటుకొని, పక్క బల్ల దగ్గర ముగ్గురు పిల్లలతో కూర్చున్న ఆయన ముందు పెట్టింది.

“ఎట్లుండాది సార్?”

ఆయన నోటి నిండా ఉంది. మాట్లాడలేక, ఇంకోటి తెమ్మని చెయ్యి ఊపాడు. శివజ్యోతి మొహమంతా నవ్వైంది. ఆ నవ్వుతోనే కృష్ణవేణమ్మ బల్ల పక్కనుంచి మళ్లీ రోటి దగ్గరికి పోయింది.

బాగుందని చెప్పడానికి కృష్ణవేణమ్మ కాచుకొని కూర్చునే ఉంది. ఆమెను అడిగినవాళ్లు లేరు.