పసుపుపిట్టకు నీడ

సోమవారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతుండగా ఫోను వచ్చింది. "బాపు పోయిండు సేట్" అన్నాడు కాక కొడుకు. ఎత్తిన షట్టరు మళ్లీ దించి మిరుదొడ్డి దారి పట్టాను.

కాక మాకు చుట్టం కాదు. అడవి వాచర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. సిద్దిపేటలో బట్టల దుకాణం నడుపుకునే నాకు కెమెరా పిచ్చి పట్టినప్పటి నుంచీ ఆదివారాలు వెంటబెట్టుకుని అడవి తిప్పింది ఆయనే.

పసుపుపిట్టను చూపించిందీ ఆయనే. పిచ్చుకంత కూడా ఉండదు. పొట్ట పసుపు ముద్ద, నల్లటి రెక్క మీద రెండు తెల్ల చారలు. ఆకుల్లో పురుగులు ఏరుకుంటూ ఉంటే పక్కనే ఉన్నా కనిపించదు. నేను కెమెరా అటూ ఇటూ తిప్పుతూ తంటాలు పడుతుంటే నవ్వేవారు. "కండ్లు తర్వాత సేట్. ముందుగాల చెవులతోని ఎతకాలె." అంతలో సన్నటి ఈల ఒకటి సాగి సాగి చివర్న కిందికి జారేది. తొలకరిలో మగపిట్ట నిట్టనిలువునా ఎగిరి, ఈకలు ఉబ్బించుకుని దూదిపింజలా కొమ్మ మీదికి దిగుతుంటే కాక టోపీ తీసి చూసేవారు. ఎందుకని నేనెన్నడూ అడగలేదు.

దాని గూడు చిన్న గిన్నెంత. సన్నటి గడ్డిని సాలీడు దారాలతో చుట్టి, ఆకుల నీడ పడే కొమ్మ చీలికలో కడుతుంది. "గూడు కాడ మనం చుట్టాలం కాదు సేట్, దొంగలం. చూసి జల్ది ఎల్లిపోవాలె" అనేవారు.

ఆ మాట చెప్పిన రోజే నేను దొంగపని చేశాను. ఆయన నీళ్లకని వాగు వైపు పోగానే, జేబులో మరిచిన దుకాణం కత్తెర తీసి, గూటికి అడ్డంగా ఉన్న రెండు తునికి రెమ్మలు కోసేశాను. గూట్లో పిట్ట ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. నాలుగు రోజులకు పోయి చూస్తే గూడు ఖాళీ. చాటు లేని గుడ్లు కాకి కంట పడ్డాయి. తెగిన రెమ్మలు చేత పట్టుకుని "గివి ఎవడు కోసిండు?" అన్నారు కాక. "మేకలాయన కోసి ఉంటడు కాకా" అన్నాను. తడుముకోకుండా అన్నాను. ఆ సాయంత్రమే ఆయన పోయి మేకల కాపరిని నలుగురిలో కడిగేశారు.

ఫోటో పెద్దది చేయించి దుకాణంలో పెట్టుకున్నాను. ఇంకొకటి ఫ్రేము కట్టించి కాకకు ఇచ్చాను. అంత తెలివి నాది. ఆయన చాలాసేపు చూసి, "ఎల్తురు మంచిగ పడ్డది సేట్" అన్నారు, అంతే. ఆ వారమే మేకల కాపరి ఇంటికి పోయి "తప్పు నాదే, మనసుల పెట్టుకోకు" అని చెప్పి వచ్చారట. తువ్వాల కొనడానికి నా దుకాణానికి వచ్చిన కాపరే ఈ సంగతి చెప్పాడు. రెమ్మలు కోసింది ఎవరో మాత్రం కాక చెప్పలేదట.

ఆ తర్వాత కూడా నన్ను అడవికి తీసుకుపోయారు, ఈల వినిపించారు. గూడు మాత్రం మళ్లీ చూపించలేదు. అడిగితే "ఈ యేడు పెట్టనట్టుంది" అనేవారు. నేను తల వంచుకునేవాణ్ణి. నిజం చెప్పడానికి ఎన్నో ఆదివారాలు వచ్చాయి, అన్నీ పోనిచ్చాను. ఇప్పుడు మీకు చెప్పి ఏం లాభం?

మిరుదొడ్డిలో ఆ ఇంటికి చేరి, చాప మీద పడుకోబెట్టిన కాక కాళ్లకు మొక్కి లేచేసరికి ఎదురుగా గోడ మీద ఆ ఫోటో ఉంది. అద్దం మీద, సరిగ్గా గూటి పైన, ఎండిన తునికాకు ఒకటి అంటించి ఉంది.

"మెతుకుతోని ఆయనే అంటిస్తుండె" అంది కాక భార్య. "ఊడితె మళ్ల కొత్తది తెస్తుండె. పిట్టకు ఎండ కొడుతుందంట."

ఫ్యాను గాలికి ఆకు ఒక పక్క లేచి కొట్టుకుంటోంది. మెతుకు అడుగుదామంటే ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఆకును బొటనవేలితో అదిమి పట్టుకుని అక్కడే నిలబడ్డాను.