బాలమల్లు వీపు

మెట్‌పల్లి పక్క ఊరి గడిల, అంటే దొర కోటలాంటి ఇంట్ల, బాలమల్లుకు ఒక్కటే పని. దొర గుర్రమెక్కేటప్పుడు నేల మీద వంగి వీపును మెట్టు చెయ్యాలె. పదహారేండ్లు వంగిండు. గడిల అందరు ఆయనను ‘పీట’ అనే పిలిచేటోళ్లు.

పందొమ్మిది వందల యాభై ఒకటిల దొర గుర్రమమ్మి జీపు కొన్నడు. దానికి ఎక్కనీకి ఇనుప మెట్టుంది. ఇగ తన వీపు బతికిందనుకున్నడు బాలమల్లు.

మొదటి రోజే దొర కేకేసిండు. “పీటా, ఏడ సచ్చినవ్‌రా?”

“జీపుకు మెట్టుంది గద దొరా.”

“గది ఇనుము. నువ్వయితే మెత్తగుంటవ్.”

చుట్టున్నోళ్లు పగలబడి నవ్విండ్రు.

ముసలోడయినంక మనుమరాలికి ఆ మాట చెప్తుంటే గూడ బాలమల్లు పిడికిళ్లు బిగుసుకునేటియి. “ఇన్నేండ్లు గుర్రం ఎత్తు గనక నన్ను తొక్కుతుండనుకున్న బిడ్డా. కాదు, తొక్కుడే ఆయనకు కావాలె.”

ఆ రోజు బాలమల్లు వంగలే. దొర ఎత్తిన కాలు గాలిలనే ఆగింది. దొర మనుషులొచ్చి కట్టెలతోని కొట్టిండ్రు. అయినా వంగలే.

నెత్తురుతోని ఇంటికొస్తే భార్య శంకరవ్వ ఏడ్వలే. “నీ వీపు మీది చెప్పు మరకలు తోమి తోమి నా చేతులరిగినయ్. మళ్ల గడికి పోయినవో, నేనే కొడ్త” అన్నది.

పొద్దుగూకకముందే ఇద్దరు మూట గట్టుకొని బెల్లంపల్లి బొగ్గుబాయిల కూలిపనికని నడిచిండ్రు.