దేవుడికి ముందు చూపించిన యంత్రం

అది 2022. కాశీబుగ్గ బస్టాండు వెనక చిన్న గదిలో నా ఆఫీసు. పేటెంట్ ఏజెంట్ అన్న బోర్డు చూసి సగం మంది పాస్‌పోర్టు కోసం వచ్చేవారు. కొత్త పరికరం కనిపెట్టినవాళ్ల తరఫున ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టి, దాని మీద హక్కు వాళ్లకే దక్కేలా చూడటం నా పని.

ఆ వేసవిలో యోహాను వచ్చాడు, భార్య రూతమ్మ భుజం పట్టుకుని. జీడి మిల్లులో ఫిట్టరుగా చేసేవాడు. ఉద్దానంలో చాలామందిలాగే కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నాడు. రూతమ్మ అదే మిల్లులో పిక్కలు కొడుతుంది. ఆమె దగ్గు వినలేక, పిక్కలు కాల్చే పొయ్యి గొట్టంలో తడి కొబ్బరిపీచు తెరలు దించి, పొగలోని జిడ్డును పట్టేసే ఏర్పాటు చేశాడు. వాళ్ల దొడ్లో వెలిగించి చూపిస్తే గొట్టం పైన తెల్లటి ఆవిరి తప్ప ఏమీ లేదు. నాకు ముచ్చటేసింది.

"ఎన్నాళ్లవుద్ది బాబూ?"

"మామూలు వరసలో ఏళ్లు పడుతుంది."

"నాకన్నేళ్లు నేవు. నాను పోయినాక ఈవిడ మాట మిల్లోళ్లు ఇంటారేటి? కాయితం నా కళ్లతో సూడాల."

పర్యావరణానికి మేలు చేసేవాటికి కొన్ని దేశాల్లో వేరే త్వరిత వరస ఉంది. మన దగ్గర లేదు. అయితే దరఖాస్తుదారుల్లో స్త్రీ ఉంటే ఎక్స్‌పెడైటెడ్ ఎగ్జామినేషన్, అంటే త్వరగా పరీక్షించమని అడగవచ్చు. రూతమ్మ పేరు చేర్చాం. ముందు ఎవరికైనా చూపించారా అని అడిగాను. దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసినది చట్టం దృష్టిలో కొత్తది కాదు.

"మిల్లోళ్లకి కూడా సూపించనేదు," అన్నాడు.

పేటెంట్ ఆఫీసు పరీక్ష రిపోర్టు కొద్ది నెలల్లోనే వచ్చింది. అంత వేగం నేనే ఊహించలేదు. తెరిచి చూస్తే ఒక వీడియో లింకు. దరఖాస్తుకు ముందు జరిగిన కోతల పండగ, వాళ్ల చర్చి ఛానెల్లో. ఆ సంఘంలో మొదటి కొబ్బరి గెల, మొదటి బుట్టెడు పిక్కలు చర్చిలో దేవుడికే ఇస్తారు. యోహాను తన మొదటి యంత్రం తెచ్చి పెట్టాడు. పాస్టరుగారు మైకు ఇస్తే ఏ తెర ఏం చేస్తుందో పూసగుచ్చినట్టు చెప్పాడు.

"చూపించలేదన్నావు కదా?"

అతనికి నా ప్రశ్నే అర్థం కాలేదు. "మనుసులకి సూపించనేదు బాబూ. దేవుడికిచ్చినాను. మొదటిది ఆయనదే గదా."

ప్రభుత్వం గుర్తించిన ప్రదర్శనలో చూపిస్తే చట్టంలో మినహాయింపు ఉంది. కోతల పండగకు లేదు. జవాబు రాశాను, హియరింగులో వాదించాను. తిరస్కరించారు. ఆ మాట యోహానుకు చెప్పాను.

"అయితే దేవుడికంటే ముందు మీకియ్యాలన్నమాట."

ఆ తర్వాత డయాలసిస్‌కు రమ్మని రూతమ్మ ప్రతిసారీ బతిమాలాల్సి వచ్చేదట. మరుసటి ఏడు వానలు పడేలోపే పోయాడు. ఇప్పుడు సోంపేట దారిలో ఒక మిల్లు గొట్టంలో పీచు తెరలున్నాయి. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రూతమ్మ ఒకసారి ఆఫీసుకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ తొందరగా సూడమని రాయకపోతే, ఈపాటికి జవాబొచ్చీదా బాబూ?"

"వచ్చేది కాదు."

"అలగైతే వత్తాదనుకుంటానే పోయీవోడు."

ఇప్పుడు త్వరిత పరీక్ష కావాలన్నవాళ్లను, కాదన్న మాట కూడా అంతే తొందరగా వస్తుంది, వినగలరా అని అడిగి మరీ దరఖాస్తు పెడతాను. అందరూ వినగలమనే అంటారు.