వదిన పెట్టిన వంకలు

మొన్న గ్యాస్ బండ బుక్ చేద్దామని ఫోను పట్టుకుని కూర్చున్నాను. అదొకటి అడిగితే నేనొకటి నొక్కి, నేనొకటి నొక్కితే అది ఇంకెక్కడికో పోయి, పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాక గానీ పని పూర్తయినట్టు మాట రాలేదు. ఆ వెంటనే అయిదు నక్షత్రాలు చూపించి, మా సేవ మీకెలా ఉందో చెప్పండి అంది. ఒళ్ళు మండిపోతున్నా అయిదూ నొక్కేశాను. పాపం ఎవరి పిల్లలో కష్టపడి చేసి ఉంటారు, మొహం మీద బాగాలేదని ఎలా అంటాం అనుకునే మొహమాటం మన వైపు వాళ్ళకి ఉగ్గుపాలతోనే వస్తుంది కదా. ఒకప్పుడు ఆ మొహమాటమే మా అన్నయ్య ఆఫీసుకి తాళం వేయించబోయింది. మన వయసు వాళ్ళకైతే ఆ రోజులు చెబితే తెలుస్తాయని కూర్చుని రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం వచ్చి కొద్దికాలమే అయింది. హైదరాబాదులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసిన అన్నయ్య, ఆ ఊరి నీళ్ళు పడక, సాఫ్ట్‌వేర్ మన ఊళ్ళో ఎందుకు చెయ్యకూడదని ఏలూరు తిరిగొచ్చేసి, పవర్‌పేటలో ఒక టైలరింగ్ షాపు మీద మేడగది అద్దెకు తీసుకున్నాడు. ప్రోగ్రాములు తను రాసేవాడు. తెర మీద ఏది ఎక్కడ కనపడాలి, ఏది నొక్కితే ఏం జరగాలి అనే పని, కంప్యూటర్ కోర్సు చదివి ఖాళీగా ఉన్న నాకు అప్పగించాడు. బోర్డు చూసి మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగంమంది జాతకాలు వేస్తారా అని అడిగేవాళ్ళు, మిగతావాళ్ళు శుభలేఖలు కొట్టిస్తారా అనేవాళ్ళు. కరెంటు పోయినప్పుడు కింద షాపు భాయ్‌గారు టీ తెప్పించి పిలిస్తే మెట్ల మీద కూర్చుని తాగేవాళ్ళం. ఆయన చొక్కా కుట్టి ఇచ్చేటప్పుడు సరిపోయిందా అని ఎవర్నీ అడిగేవారు కాదు. తొడిగించి, చేతులు పైకెత్తమనేవారు, కింద కూర్చుని లెమ్మనేవారు, చంకలో ఎక్కడ పట్టేస్తోందో తనే చూసుకునేవారు. రోజూ చూస్తూనే ఉన్నాం గానీ అందులో మాకు పనికొచ్చేది ఉందని ఇద్దరికీ తట్టలేదు.

అలాంటి రోజుల్లో కలిదిండిలో చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ యజమాని ఒకాయన మాకు పని ఇచ్చారు. రైతులు పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొస్తే, ల్యాబ్ వాళ్ళు వాటిలో అమ్మోనియా ఎంతుందో, చేపకి ప్రమాదమో కాదో చూసి కాయితం మీద రాసిచ్చేవారు. ఆ కాయితం కంప్యూటర్లోంచి రావాలి, ఆ చెరువుకి ఇదివరకు చేసిన పరీక్షలు కూడా పక్కనే కనపడాలి, అదీ ఆయన కోరిక. ఇది బాగుంటే తన మిగతా ల్యాబులన్నిటికీ పెట్టిస్తానన్నారు. ఆ మాట పట్టుకుని మేం చిల్లర పనులన్నీ వదిలేసుకున్నాం. నేనైతే ఆ తెరల్ని ముగ్గు పెట్టినంత శ్రద్ధగా దిద్దుకున్నాను. నీళ్ళు బాగా లేకపోతే తెరంతా ఎర్రబడి, కుయ్యోమని గట్టిగా మోత వచ్చేలా పెట్టాను. రైతుకి ఆపద తెలియొద్దూ మరి! అది నా ఆలోచనేనని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుని తెగ మురిసిపోయేదాన్ని.

ల్యాబ్‌లో పనిచేసేది ఒక అక్కగారూ, ఆవిడ తోడికోడలూ. ఇద్దరిదీ మెత్తని మాట. మేం ఏలూరులో కైకలూరు మీదుగా వెళ్ళే బస్సెక్కి, కొల్లేరు దాటుకుంటూ, చెరువు గట్లూ గట్ల మీద కొంగలూ చూసుకుంటూ మధ్యాహ్నానికి అక్కడికి చేరేవాళ్ళం. వెళ్ళగానే కుర్చీలు తుడిచి వేసేవారు, కూల్‌డ్రింకులు తెప్పించేవారు. ప్రోగ్రాం ఎలా ఉందండీ అని అన్నయ్య అడిగితే, చాలా బాగుందండీ, మీ దయవల్ల పని తేలికైపోయిందండీ అనేవారు. ఇబ్బందేమైనా ఉందాండీ అంటే, అబ్బే, ఏం లేదండీ, మీరింత కష్టపడి చేశారు కదండీ అనేవారు. కంప్యూటర్లో చూస్తే ఏ రోజు పరీక్షలు ఆ రోజు ఎక్కే ఉండేవి. మేం పొంగిపోయి, వాళ్ళు కట్టిచ్చిన రొయ్యల వేపుడు పట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళం.

ఇంతలో యజమాని దగ్గర్నుంచి కబురొచ్చింది. రైతుల చేతికి ఇప్పటికీ చేత్తో రాసిన కాయితాలే వెళ్తున్నాయనీ, ఆ మాత్రానికి ఈ కంప్యూటర్ ఎందుకనీ, నెలాఖరు దాకా చూసి తీసేయిస్తాననీ. ఆ రోజు అన్నయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఈ పని పోతే ఇంకో పని లేదు, మేడగదికి తాళం వేసి మళ్ళీ హైదరాబాదు వెళ్ళి ఎవరి దగ్గరో చేరాల్సిందే. నా సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ గది లేకపోతే నేను నేర్చుకున్న పని చెయ్యటానికి ఏలూరులో నాకు ఇంకో చోటే లేదు. ఏడుపొచ్చింది. అందరూ బాగుందనే అంటున్నారు, ఎవరూ వాడటం లేదు, తప్పెక్కడుందో చెప్పే నాథుడు లేడు.

మా వదిన తాడేపల్లిగూడెం మనిషి. బయటివాళ్ళ దగ్గర మహా మర్యాద, నా మీద మాత్రం నోరు పారేసుకునే హక్కు ఆవిడకి పెళ్ళినాడే రాసిచ్చినట్టు ఉండేది. నేను పులుసు పెడితే ఇది పులుసా, కాలవ నీళ్ళా అనేది. నేనూ తక్కువ తినలేదనుకోండి. వదినా మరదళ్ళ మధ్య ఆ వేళాకోళం వినపడకపోతే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఆదివారమైతే అక్కగారు వాళ్ళకి చర్చి ఉంటుందని, ఆ శనివారం తెల్లారుతూనే, ముందు కబురు చెయ్యకుండా మేం కలిదిండి బయల్దేరితే, తాజా చేపలు దొరుకుతాయని వదిన కూడా సంచీ పట్టుకుని మాతో బస్సెక్కేసింది.

వెళ్ళేసరికి ల్యాబ్ నిండా రైతులు, బల్ల నిండా సీసాలు. కంప్యూటర్ మాత్రం కుట్టుపువ్వుల ముసుగు కప్పుకుని మూల కూర్చుంది. చేత్తో కాయితం రాస్తున్న అక్కగారు మమ్మల్ని చూసి కలం కింద పెట్టేసింది, ఆవిడ మొహం చూస్తే మాకే జాలేసింది. అన్నయ్య బయటికెళ్ళి నిలబడ్డాడు. జనం వెళ్ళిపోయి కాస్త తెరిపి దొరికాక, వదిన తనే ఆ ముసుగు తీసి కుర్చీలో కూర్చుని, ఏదీ, మా మరదలి ఘనకార్యం నేనూ చూస్తాను, మీరు చెప్పండి నేను కొడతాను అంది.

సీసాకి దారంతో కట్టిన చీటీ మీద పడమటి చెరువు అని మాత్రం ఉంది. నా తెరేమో రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు అన్నీ ఇస్తే గానీ ముందుకు కదలనంది.

"ఏమే మరదలా, నీళ్ళు చూడమంటే సంబంధం చూస్తున్నట్టు తండ్రి పేరెందుకే నీకు?" అంది వదిన.

తోడికోడలు పైట నోటికడ్డం పెట్టుకుంది. వదిన నోటికొచ్చిన పేర్లేవో కొట్టి ముందుకెళ్ళి, అక్కగారు చదివిన అంకె కొట్టింది. నీళ్ళు బాగాలేవు. తెరంతా ఎర్రబడి కుయ్యోమంది. వదిన కుర్చీలోంచి ఎగిరిపడింది.

"అయ్యబాబోయ్! ఇదేం కూతే! ఒకళ్ళింట్లో పాలు విరిగితే ఊరంతటికీ మైకులో చెప్పాలా?"

"నీ గొంతు కంటే చిన్నదేలే వదినా" అన్నాను నేను, ఉడుకుమోత్తనంతో.

తోడికోడలు ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది, ఆ వెనకే అక్కగారూ నవ్వింది. నన్ను అంతంత మాటలంటున్నా ఇల్లు కూలిపోలేదని చూసి వాళ్ళకి ధైర్యమొచ్చిందనుకుంటాను.

"అదేనండీ వదినగారూ" అంది అక్కగారు మెల్లిగా. "కొత్తలోనే ఒక రైతుగారి సీసాకి ఇలాగే కూసిందండీ. చేపలు కొనేవాళ్ళు కూడా అప్పుడిక్కడే ఉన్నారండీ. అందరూ ఆయన వంకే చూశారు. పాపం కాయితం తీసుకోకుండానే వెళ్ళిపోయారండీ, మళ్ళీ రాలేదు. మేమైతే, ఏవండీ ఓసారి ఇలా రండి అని పక్కకి పిలిచి చెబుతామండీ. అప్పట్నుంచి పొద్దున పూట ముసుగు తియ్యటం లేదండీ."

"మరి పరీక్షలన్నీ ఎక్కే ఉంటున్నాయి కదండీ?" అన్నాను.

"సాయంత్రం తలుపులేశాక కూర్చుని ఎక్కిస్తున్నామండీ. మీరొచ్చినప్పుడు ఖాళీగా ఉంటే మనసు కష్టపెట్టుకుంటారు కదండీ."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మమ్మల్ని నొప్పించకూడదని ఆ ఇద్దరూ ఇంటికి ఆలస్యంగా వెళ్తూ ఒకే పని రెండుసార్లు చేస్తున్నారు, మేమేమో వాళ్ళు పెట్టిన రొయ్యల వేపుడు తిని తిరిగొస్తున్నాం. ఆ మధ్యాహ్నమంతా నలుగురం ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాం. వదిన ఒక వంక పెడితే వాళ్ళు రెండు కలిపారు. తడి చేత్తో మౌసు జారిపోతోందనీ, అక్షరాలు చీమల్లా ఉన్నాయనీ, ఇక ఒకటా! అన్నయ్య ఎప్పుడొచ్చాడో, మా వెనక గోడకానుకుని నిలబడి అన్నీ వింటున్నాడు.

మోత తీసేశాం, ఎరుపు తీసేశాం, అక్కగారికి మాత్రం తెలిసేలా మూల చిన్న గుర్తు పెట్టాం. చీటీ మీద ఏముంటే అది కొడితే చాలు, తండ్రిగారి పేరు తీరిక దొరికినప్పుడు. మార్చిన ప్రతిసారీ వదినని తీసుకెళ్ళి కూర్చోబెట్టేవాళ్ళం, ఆవిడ నన్ను ఏకటం, వాళ్ళు వంత పాడటం. నెలాఖరు లోపే ఆ కుట్టుపువ్వుల ముసుగు సొరుగులోకి వెళ్ళిపోయింది. అలిగి వెళ్ళిన రైతుగారు మళ్ళీ సీసా పంపారని అక్కగారు ఫోన్ చేసి మరీ చెప్పింది. మిగతా ల్యాబుల పని కూడా మాకే వచ్చింది, మేడగదికి తాళం పడలేదు.

అటు తర్వాత అన్నయ్య ఎలా ఉంది అని ఎవర్నీ అడగలేదు. భాయ్‌గారిలా చేతులెత్తించి చూడాలమ్మాయ్ అనేవాడు. గూడెం రైసుమిల్లుకెళ్ళినా, దెందులూరు స్కూలుకెళ్ళినా మాతో వదిన ఉండాల్సిందే. ఆవిడ మీ దగ్గర ఏం చేస్తారండీ అని ఎవరైనా అడిగితే, వంకలు పెడుతుందండీ అని గర్వంగా చెప్పేవాడు.

ఇప్పుడా గదిలో ఎవరో ట్యూషన్లు చెబుతున్నారు. ఫోన్లో ఉండేవన్నీ ఎక్కడెక్కడో తయారవుతున్నాయి, చేసినవాళ్ళు మన మొహం చూడరు, మనం వాళ్ళ మొహం చూడం, మధ్యలో ఆ అయిదు నక్షత్రాలు మాత్రం మిగిలాయి. అన్నయ్య పోయి ఏడాది దాటింది. వదిన గూడెంలో కూతురి దగ్గర ఉంటోంది. ఎప్పుడు ఫోన్ చేసినా, బాగానే ఉన్నానమ్మా, అందరూ బాగా చూసుకుంటున్నారమ్మా అంటుంది. నిన్న ఫోన్ చేసి, మొన్న పాలు పొంగిన సంగతి కావాలనే చెప్పాను, నాలుగు తిడుతుందని ఆశపడి. పోన్లే అమ్మా, జాగ్రత్త అంది.

ఆ మాట విన్నప్పట్నుంచి నాకా కుట్టుపువ్వుల ముసుగే కళ్ళముందు కనపడుతోంది. రేపు పొద్దున రైలుకి గూడెం వెళ్తున్నాను. ముందు కబురు చెయ్యలేదు. ఎలా ఉన్నావు వదినా అని అడగను. పక్కన ఇరుక్కుని కూర్చుని, ఈ ఫోను తన చేతిలో పెట్టి, గ్యాస్ బండ బుక్ చెయ్యమంటాను.